బీరపాదు మీద ఎర్ర పురుగులు

అనగా అనగా, కాలవ గట్టున ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు ఆడించకుండా విను తల్లీ. ఆవిడకీ నీలాగే కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఆవిడ మనవరాలు నీలవేణికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జొరంతో పాటు నోటికి రుచీ పోయింది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. బజారు బీరకాయ తెచ్చి వండితే చేదుగా ఉందని ఉమ్మేసింది. "నాయనమ్మా, మన పాదు కాస్తే తింటాను" అంది.

పెరట్లో బీరపాదు అప్పుడప్పుడే పందిరెక్కుతోంది. సరిగ్గా అప్పుడే వచ్చాయి ఎర్ర పెంకు పురుగులు. కందిగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. రెండు రోజుల్లో ఆకులన్నీ జల్లెడ చేసేశాయి.

అప్పుడు అచ్చియ్యమ్మ పొయ్యిలో బూడిద తీసి ఆకుల మీద చల్లింది. పురుగులు రాలేదు. మూడో రోజు వాన కురిసి బూడిదంతా కడిగేసింది. మళ్ళీ వచ్చాయి.

ఆ తర్వాత వేపగింజలు దంచి, నానబెట్టి, ఆ నీళ్ళు గుడ్డలో వడకట్టి చల్లింది. అదీ నాలుగు రోజులే.

ఇంక ఆవిడకి కుదురు లేదు. కూర్చునేది, లేచేది, పందిరి కిందకి వెళ్ళేది, వచ్చి పిల్ల నుదురు ముట్టుకునేది, మళ్ళీ పందిరి కిందకే. కోడలు సుభాషిణి చూసి చూసి, "మందు కొట్టిద్దాం అత్తయ్యా" అంది.

"పిల్ల నోట్లో పెట్టే కాయమ్మా" అంది అచ్చియ్యమ్మ.

అప్పుడు ఒకరోజు, ఇవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని పీట వేసుక్కూర్చుంది. గోడ మీదుగా ఒకటి ఎగిరొచ్చింది. వెనకే ఇంకోటి. మడమలెత్తి అవతలికి చూస్తే ఎండిపోతున్న దోసపాదు, దాన్నిండా పురుగులే.

ఆ ఇల్లు వీర్రాజు గారిది. రెణ్ణెల్ల కిందట భార్య కాంతమ్మ పోయినప్పట్నుంచీ ఆయన వీధి గడప దాటట్లేదు. అచ్చియ్యమ్మ విసవిసా వెళ్ళి తలుపు కొట్టింది.

"అన్నయ్యగారూ, ఆ దోసపాదు పీకెయ్యండి. ఆ పురుగులు మా పిల్ల నోటికాడ కూడు తినేస్తున్నాయి."

ఆయన పెరటి వైపు చూశాడు. తర్వాత మెల్లిగా, "కాంతం పెట్టిన పాదండి అది. పీకుదామని రోజూ వెళ్తాను. చెయ్యి రాదు" అన్నాడు.

అచ్చియ్యమ్మకి అప్పుడు తట్టింది. పక్కిల్లే అయినా, పదో రోజు తర్వాత తను ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కలేదు. ఆవిడ పెరట్లోకి వెళ్ళి ఎండాకులు తప్పించి వెతికింది. అడుగున ఒక పండు దోసకాయ దొరికింది. చెంగుతో మట్టి తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"గింజలు ఆరబెట్టి దాచండి. కాంతమ్మ పాదు ఎక్కడికీ పోదు."

మర్నాడు తెల్లారగట్ల, పురుగులు చలికి కదల్లేకుండా ఉన్నప్పుడు, వీర్రాజు గారు తన చేత్తోనే పాదు లాగేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని పురుగులతో సహా కాల్చేశారు. ఆ తర్వాత వారం రోజులు బీరపాదు మీద మిగిలినవి ఒక్కొక్కటే ఏరి సబ్బునీళ్ళలో పడేశారు. అప్పుడు కొత్త చిగుళ్ళొచ్చాయి. పచ్చటి పూలు పూశాయి. పిందెలు దిగాయి.

మొదటి కోతకి మూడు కాయలు. సుభాషిణి పాలు పోసి కూర వండింది. నీలవేణి ఒక ముద్ద తింది. అందరూ ఊపిరి బిగబట్టారు. రెండో ముద్ద తింది. మూడోది తిని, "ఇంకా ఉందా?" అంది.

ఉంది. ఒక గిన్నెడు గోడ మీదుగా వీర్రాజు గారికీ వెళ్ళింది. ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మ పందిరి వైపు వెళ్ళలేదు. మనవరాలి పక్కన ఒరిగి, ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది.

పురుగు పోయె పొలిమేరకి,
పాదు పాకె పందిరికి,
కథ పోయె కంచి దారికి,
కన్ను పోయె నిద్దర ఊరికి.