ఫీబమ్మ మోసిన పుస్తకాలు

ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, ఆ ఏటి నడుమ ఒక లంక ఉండేదట. లంకలో తాటాకు ఇళ్లు. ఇళ్ల మధ్య సున్నం కొట్టిన చిన్న ఏసయ్య గుడి. గుడిలో ఒక టేకు బీరువా. బీరువా నిండా పుస్తకాలు. బీరువాకు ఒక తాళం. ఆ తాళంచెవి ఎప్పుడూ ఎలీషయ్య మొలతాడుకు వేలాడుతూ ఉండేదట.

ఎలీషయ్య ఆ గుడికి సంఘపెద్ద. చెడ్డవాడు కాడు. పుస్తకమంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఇంకొకరి చెయ్యి తగలనిచ్చేవాడు కాదు.

ఏటా కోతల పండుగ వెళ్లాక పట్నం నుంచి పడవలో కొత్త పుస్తకాల పెట్టె వచ్చేది. పడవ రేవుకు తగిలిందంటే లంక లంకంతా అక్కడే. ఎలీషయ్య పెట్టె తెరిచి ఒక్కో పుస్తకం పైకెత్తి చూపించేవాడు. "ఇదిగో, భక్తుల చరిత్ర. ఇదిగో, సముద్రం మీద పోయినవాళ్ల కథ. ఇదిగో, దేశదేశాల పిట్టలు, బొమ్మలతో సహా." జనం ఆహా అనేవారు. పిల్లలు ముక్కులెగరేసి కొత్త కాయితం వాసన పీల్చేవారు. తరవాత పుస్తకాలన్నీ బీరువాలోకి పోయేవి. తాళం పడేది.

"మాకు ఇవ్వవా పెద్దయ్యా?" అని ఎవరైనా అడిగితే, "మీ చేతులకు చేపల జిడ్డు. మీ ఇళ్లలో పొయ్యి మసి. ఇది దేవుడి సొత్తురా," అనేవాడు.

ఆ గుడి ఊడ్చే మనిషి ఫీబమ్మ. మొగుడు పోయాడు. తుంగచాపలు అల్లుకుని బతికేది. పొట్టి మనిషి, సన్నటి గొంతు, నడిస్తే చప్పుడు ఉండేది కాదు. చిన్నతనాన మిషను బడిలో చదవడం నేర్చుకుంది. నేర్చుకున్నాక చదవడానికి ఏమీ దొరకలేదు, అంతే.

ఒక ఏడు ఫీబమ్మ చీపురు పక్కన పెట్టి అడిగింది. "పెద్దయ్యగారండీ, కొత్త పుస్తకాలు నాలుగిళ్లకు తిప్పుతానండి. ఇస్తారా?"

"ఇవ్వను," అన్నాడు ఎలీషయ్య.

మరుసటేడు మళ్లీ పెట్టె వచ్చింది. ఫీబమ్మ మళ్లీ అడిగింది. "చేతులు కడిగించే ఇస్తానండి."

"ఇవ్వనంటే ఇవ్వను," అన్నాడు ఎలీషయ్య.

మూడో ఏడు ఫీబమ్మ ఏమీ అడగలేదు. "పెద్దయ్యగారండీ, ఓసారి ఈ బీరువాకు చెవి ఆనించి వినండి," అంది.

ఎలీషయ్య చెవి ఆనించాడు. లోపల కరకర, కరకర.

"ఎవరో చదివేస్తున్నారండి," అంది ఫీబమ్మ.

ఎలీషయ్య మొలతాడు తడుముకున్నాడు. తాళం తీశాడు. కింది అరలో భక్తుల చరిత్ర సగం మట్టి. చెదలు దారులు వేసుకుని పైఅరకు ఎక్కుతున్నాయి. అంత మనిషీ గుడి గచ్చు మీద కూలబడి ఏడ్చాడు. ఫీబమ్మ పుస్తకాలన్నీ బయటకు మోసి, దులిపి, ఎండలో పరిచింది. సాయంత్రం ఎలీషయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"తిప్పు. కానీ నీ వెనకాలే వస్తా. ఎవరికేం ఇస్తున్నావో చూస్తా."

"రండి, నాకూ తోడు," అంది ఫీబమ్మ.

అప్పటి నుంచి పని మొదలైంది. కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు ఫీబమ్మ తాను చదివేది. గుడి మెట్ల మీద కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని, తొందర లేకుండా. చదివాక కొన్నాళ్లు ఊరకే ఉండేది. ఈ పుస్తకం ఎవరిదా అని ఆలోచించేది. తేలాక బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఆ గుమ్మం ముందు నిలబడేది. ఏ గుమ్మం ముందైనా ఒకటే మాట.

"మీ ఇంటికి చుట్టం వచ్చింది. అన్నం పెట్టక్కర్లేదు. కాసేపు పక్కన కూర్చోండి చాలు."

మొదట వెళ్లింది లేయమ్మ గుమ్మానికి. లేయమ్మకు ఒక్కగానొక్క పిల్ల. అమ్మవారు పోసి పోయింది. ఆ రోజు నుంచి లేయమ్మ తల దువ్వలేదు, పొయ్యి వెలిగించలేదు, నోరు తెరవలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశాడు. చుట్టపక్కాలు వచ్చి ఓదార్చారు. లేయమ్మ గడప మీద అలాగే కూర్చుంది. ఆమె ఒళ్లో ఫీబమ్మ పిట్టల పుస్తకం పెట్టింది.

ఎలీషయ్య పక్కకు లాగి కోప్పడ్డాడు. "కడుపుకోతలో ఉన్న మనిషికి పిట్టల పుస్తకమా? ఓదార్పు మాటలున్నవి లేవా?"

"ఓదార్పు మాటలు చెవులనిండా విన్నదండి. ఇంక పట్టవు. కళ్లే ఖాళీగా ఉన్నాయి."

రోజూ పొద్దున్నే వెళ్లి పక్కన కూర్చునేది. ఒక పిట్ట బొమ్మ చూపించి, దాని కింద రాసింది చదివి, లేచి వచ్చేసేది. లేయమ్మ పలికేది కాదు. ఎండాకాలం పోయి తొలకరి పడింది. ఒకరోజు ఫీబమ్మ లేవబోతుంటే లేయమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"అక్కా, అదుగో ఆ ఇసుకమేట మీద వాలింది. ఈ బొమ్మలోదే కదా?"

గొంతు తుప్పుపట్టిన గొళ్లెంలా ఉంది. అయినా గొంతే. వాకిట్లో నిలబడి ఎలీషయ్య కూడా విన్నాడు.

రెండోసారి వెళ్లింది లాబాను, సిమియోను గుమ్మాలకు. ఇద్దరూ అన్నదమ్ములు. లంక భూమి తెలుసుగా, ఏటేటా ఏరు కొంత కోసుకుపోతుంది, కొంత తెచ్చి పోస్తుంది. గట్టు నాదంటే నాదని తగువు. మాటలు పోయాయి. పెళ్లాలకూ మాటలు పోయాయి. ఇద్దరూ తలో కత్తి నూరి చూరులో దోపుకున్నారు. ఈసారి గట్టు మీద ఎవరో ఒకరు పడతారని లంకంతా గుసగుసలు.

ఆ ఏడు పెట్టెలో పెద్ద నవల ఒకటి వచ్చింది, రెండు భాగాలుగా. ఫీబమ్మ మొదటి భాగం అన్న లాబానుకు ఇచ్చింది. రెండో భాగం తమ్ముడు సిమియోనుకు ఇచ్చింది. ఇద్దరికీ అదే మాట. చుట్టం వచ్చింది, పక్కన కూర్చోండి చాలు.

"నీకు మతిపోయిందా? ఒక పుస్తకాన్ని రెండు ముక్కలు చేస్తావా?" అన్నాడు ఎలీషయ్య.

"ఒక ఇంటిని రెండు ముక్కలు చేసుకున్నారు కదండీ వాళ్లు," అంది ఫీబమ్మ.

లాబాను చదివాడు. కథలో నాయకుడు నడిసముద్రంలో పడవ మునిగి పలక పట్టుకుని ఉన్నాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. లాబానుకు అన్నం సహించలేదు. అక్కడ సిమియోను ఇంట్లో ఇంకో బాధ. ఆ నాయకుడు ఎవడో ఒడ్డుకు కొట్టుకొచ్చి ఏడుస్తున్నాడు. ఎవడు వీడు, ఎందుకు ఏడుస్తున్నాడు? తలా తోకా తెలియడం లేదు. ఇద్దరూ ఫీబమ్మ దగ్గరకు పరిగెత్తారు. "రెండోది మీ తమ్ముడి దగ్గరుంది బాబూ." "మొదటిది మీ అన్న దగ్గరుంది బాబూ." ఇంకొక్క మాట చెప్పలేదు.

వారం ఓర్చుకున్నారు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం లాబాను గట్టు మీదికొచ్చి, ఇటు తిరక్కుండానే అరిచాడు. "ఒరేయ్, వాడు బతికాడా?"

సిమియోను అటు తిరక్కుండానే అన్నాడు. "బతికాడు. ముందు వాడెవడో చెప్పు."

ఆ గట్టు మీదే కూర్చున్నారు. అన్న మొదటి కథ చెప్పాడు. తమ్ముడు తరవాతి కథ చెప్పాడు. పొద్దు వాలేసరికి ఇద్దరి పెళ్లాలూ అక్కడికే కూడు తెచ్చారు.

మూడోసారి ఎవరి గుమ్మానికి వెళుతుందోనని ఎలీషయ్య ఎదురుచూశాడు. తన గుమ్మానికే రావాలని లోపల ఆశ. ఫీబమ్మ రాలేదు. ఆఖరికి తానే అడిగాడు, చిన్నబుచ్చుకుని. "నాకేం తేవా?"

"మీరు అన్నీ చదివేసినవారు కదండీ. మీకు కావాల్సింది వినేవాళ్లు," అంది.

మర్నాడు సాయంత్రం ఆయన అరుగు మీద చదువురాని వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో వల అల్లుకుంటూ రాహేలవ్వ. చేపల వాసన గుప్పుమంది. ఎలీషయ్య ఒక్క క్షణం ముక్కు చిట్లించాడు. అంతలో రాహేలవ్వ, "కానీ నాయనా, చదువు," అంది. ఎలీషయ్య చదివాడు. గుడి కప్పు అదిరే గొంతు ఆయనది. ఒకచోట అవ్వ నవ్వింది. ఒకచోట కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ ఒంటరిగా చదివిన పుస్తకం అది. అందులో అంత నవ్వుందని, అంత ఏడుపుందని ఎలీషయ్యకు ఆ రోజే తెలిసింది.

ఏళ్లు గడిచాయి. బీరువా ఖాళీ అయింది, ఇళ్లు నిండాయి.

ఒక శ్రావణమాసం ఏరు పొంగింది. అలాంటి ఇలాంటి పొంగు కాదు. తెల్లవారి లేచేసరికి వీధుల్లో ఎర్రనీళ్లు. జనం పిల్లల్ని చంకనేసుకుని, మేకల్ని మెడనేసుకుని మెరకదిబ్బకు పరిగెత్తారు. ఎలీషయ్య మాత్రం గుడికి పరిగెత్తాడు. పాత అలవాటు. మొలలోతు నీళ్లలో బీరువా తలుపు లాగాడు. అడుగున చెదలు తిన్న భక్తుల చరిత్ర తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకాలన్నీ ఇళ్లలో ఉన్నాయి. ఇళ్లన్నీ ఏట్లో ఉన్నాయి. బీరువా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వాకిట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "పెద్దయ్యగారండీ, రండి."

ఫీబమ్మ అరటిబోదెల తెప్ప ఒకటి తోసుకుంటూ వచ్చింది.

"ఎక్కడికే? అన్నీ పోయాయి."

"మీరున్నారు కదండీ. రండి."

ఆయన్ని తెప్ప మీదికి నెట్టింది. ఆ తెప్ప ఒక్కరినే మోస్తుంది. ఆమె నీళ్లలోనే ఉండి తోసింది. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, వెనక గుడిగోడ కూలిన చప్పుడు. దిబ్బ మీద నుంచి లాబాను, సిమియోను ఒకే మోకు పట్టుకుని విసిరారు. ఇద్దరూ కలిసి లాగారు.

దిబ్బ ఎక్కి ఎలీషయ్య తల ఎత్తి చూశాడు. వాన తెరిపిచ్చింది.

లేయమ్మ ముందుకొచ్చింది. ఆమె చేతిలో బియ్యం కుండ. మూతకు గుడ్డ కట్టి ఉంది. విప్పింది. లోపల బియ్యం లేదు, పిట్టల పుస్తకం ఉంది. లాబాను తలపాగా విప్పాడు, మైనపుగుడ్డలో మొదటి భాగం. సిమియోను తలపాగా విప్పాడు, రెండో భాగం. రాహేలవ్వ వల మూట విప్పింది. ఒకరు ఉట్టిలోంచి తీశారు, ఒకరు పసిపిల్ల ఉయ్యాలగుడ్డలోంచి తీశారు. ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉన్నారు. ఆయన ఎదుట పొడి పుస్తకాలు. ఇళ్లకు పోయినవాటిలో ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి తడవలేదు.

"అన్నం గింజలు వదిలేసి ఇవి తెచ్చారేమర్రా?" అన్నాడు ఎలీషయ్య.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏట్లో వదిలేసి వస్తామా?" అంది రాహేలవ్వ.

ఎలీషయ్య ఆ బురదలో మోకరించాడు. ఏ ప్రార్థనా నోటికి రాలేదు. ఊరకే మోకరించి ఉన్నాడు.

అంతసేపు చల్లనీళ్లలో నానిన ఫీబమ్మకు జ్వరం పట్టుకుంది. నీళ్లు ఇంకా తీయకముందే, ఆ దిబ్బ మీదే, లేయమ్మ ఒళ్లో తల పెట్టుకుని కన్నుమూసింది.

దిబ్బ మీదే గొయ్యి తీశారు. ఏరు దాటి పాస్టరుగారు రాలేడు. ఎలీషయ్యే వాక్యం చదవాలి. మొదలుపెట్టాడు. గుడి కప్పు అదిరే గొంతు మధ్యలో ఆగిపోయింది. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు లేయమ్మ లేచింది. ఫీబమ్మ పక్కన కూర్చుని కూర్చుని ఆమెకు ఈపాటికి చదవడం వచ్చు. పిట్టల పుస్తకం తెరిచింది. చలికాలం ముందు మంచుకొండలు దాటి, దారిలో వాలకుండా, ముందెన్నడూ చూడని నీటిని వెతుక్కుంటూ పోయే ఒక పిట్ట గురించి ఒక పుట చదివింది.

సమాధి దగ్గర పిట్టల కథా అని ఎవరూ అనలేదు. లాబాను ఒక పుట చదివాడు. సిమియోను ఒక పుట చదివాడు. చదువురాని వాళ్లు తమ పుస్తకం తెచ్చి ఎలీషయ్య చేతిలో పెట్టారు, వాళ్ల పుట ఆయన చదివాడు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా సాగింది. వాళ్లు చదువుతుంటే ఏరు జానెడు జానెడు కిందికి దిగిందట. వరద తీసే వేళే అది అంటారు కొందరు. కావచ్చు. దిబ్బ మీద ఉన్నవాళ్లు మాత్రం ఏరు విన్నదనే చెప్పారు.

ఆఖరి పుట అయ్యాక ఎలీషయ్య పుస్తకం మూయబోయాడు. రాహేలవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"తరవాతేమైంది నాయనా?"

ఎలీషయ్య ఆమె వైపు చూశాడు. పుస్తకం మూయకుండా, తెరిచినది తెరిచినట్టే ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆ లంక ఇప్పుడు సగమైంది. గుడి మళ్లీ కట్టారు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా పోతే, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పోయిన మనిషికి ఇష్టమైన పుస్తకంలోంచి ఒకే ఒక్క పుట చదువుతారు. ఫీబమ్మ పుట అంటారు దాన్ని. చదివి ఆపేస్తారు, పుస్తకం మూయరు. ఎవరో ఒకరు "తరవాత?" అని అడిగేదాకా మట్టి వేయరు. అడిగినవాళ్లు ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోతారు.