కొత్వాలు ముక్కు

కల్లు తాగినవాడి బండొకటి వచ్చి రాణిగారి పల్లకిని గుద్దింది. కుంభగిరి రాజు మండిపడ్డాడు. తాగి బండి తోలినా, గుర్రమెక్కినా ఆ పశువు జప్తు అని దండోరా వేయించాడు.

మంచి చట్టమే. తాగి జనం మీదికి బండి తోలేవాడి మీద నాకు జాలి లేదు. కానీ ఎవడు తాగాడో తేల్చేదెవరు?

"నా ముక్కుంది కదా ప్రభూ!" అన్నాడు కొత్వాలు తిమ్మానాయుడు, చెవులదాకా పెంచిన మీసం దువ్వుతూ.

ఆనాటి నుంచి కోటగుమ్మం దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి బండివాణ్ణీ "ఊదరా!" అనడం, ఊదగానే "తాగాడు, విప్పండి ఎద్దుల్ని!" అనడం. రాజు ఆ ముక్కుకి మెచ్చి శాలువా కూడా కప్పాడు.

ఒకరోజు ఉప్పుబండి పోలయ్య ఏడుస్తూ కొలువులోకొచ్చి పడ్డాడు.

"మజ్జిగ తప్ప ఎరగను దొరా! ఎద్దులు పోతే నా పిల్లలు పస్తే!"

"దొరికినవాడల్లా చెప్పే మాటే ఇది!" అన్నాడు నాయుడు.

కొలువులో చెంచన్నని ఒక మాటకారి ఉన్నాడు. నాయుడి పక్కన కూర్చోలేక రోజూ ముక్కు మూసుకునేది ఆయనే.

"ప్రభూ, అంత గొప్ప ముక్కుకి కళ్ళెందుకు? గంతలు కట్టి చూద్దాం. తప్పితే ఎద్దులు పోలయ్యవి."

"కట్టు! నాకేం భయం?" అన్నాడు నాయుడు.

గంతలు కట్టాక చెంచన్న రాజుకి సైగ చేశాడు. ఆవేళ ఏకాదశి. రాజు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నవ్వాపుకుంటూ సింహాసనం దిగొచ్చి, నాయుడి మొహం మీద ఊదాడు.

"అబ్బో! వీడు పొద్దున్నుంచీ కుండ దించినట్టు లేడు! విప్పండి ఎద్దుల్ని!"

"ఎద్దుల్లేవు నాయుడుగారూ, పట్టపుటేనుగుంది. విప్పమంటారా?" అన్నాడు చెంచన్న.

గంతలు ఊడాయి. ఎదురుగా రాజు! కొలువంతా గొల్లున నవ్వింది.

"నా నోట్లో కల్లు వాసనేమిటోయ్?" అన్నాడు రాజు.

"మీ నోట్లోది కాదు ప్రభూ, ఆయన మీసాల్లోది. పొద్దున్నే ముంత ఎత్తుతారు, మీసం ముంతలో మునుగుతుంది. ఇక ఎవరు ఊదినా ఆయన ముక్కుకి తగిలేది అదే."

రాజు వంగి మీసం వాసన చూసి, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"పోలయ్య ఎద్దులు పోలయ్యకివ్వండి! ఇన్నాళ్ళూ ఈ ముక్కు పట్టిన పశువులన్నీ తిరిగిచ్చేయండి! ఇకనుంచి ఊదించేవాడు ముందు తను ఊదాలి!"

జనం చప్పట్లు కొట్టారు. నాయుడు మెల్లగా గుమ్మం వైపు జారుకోబోయాడు.

"నాయుడుగారూ, ఇందాక కొలువుకి దేనిమీదొచ్చారు?" అన్నాడు చెంచన్న.

"గుర్రం..." అని నాలిక కరుచుకున్నాడు నాయుడు.

రాజు పగలబడి నవ్వి గుర్రం కళ్ళెం చెంచన్న చేతిలో పెట్టాడు. నాయుడు ఎండలో ఇంటికి నడిచాడు.