మూడు నెలల పడవ

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు అచ్యుతస్వామికి లేదు. ఆ సంగతి తెలిసీ, కామేశం అనే శిష్యుడు ఒక ఉదయం ఆయన ముందుకు విసురుగా వచ్చి నిలబడ్డాడు. ఆశ్రమంలో భోజనశాల కడుతున్న మేస్త్రి, ఆరు నెలలన్న పనిని నాలుగింటిలో ముగిస్తాననీ, అనుకున్నదానిలో ఒక్క గూడు కూడా తగ్గించననీ అన్నాడట.

"అదెలా కుదురుతుంది స్వామీ? గడువు తగ్గితే పనిలో ఏదో తగ్గాలి కదా! పునాదిలో ఒక రాయి పెకలించి చూడమంటారా?"

స్వామి అతన్ని కూర్చోమన్నారు. తరువాత, సన్యాసం పుచ్చుకోకముందు తాను గోదావరి లంకలో మునసబుగా ఉన్ననాటి ముచ్చట ఎత్తుకున్నారు.

"ఆ ఏడు మా రేవు పడవ పాడైంది. వరదొస్తే అవతలి గట్టు చేరడానికి మాకు వేరే దారి లేదు. బంగారయ్య అనే పడవల మేస్త్రిని పిలిపిస్తే ఆరు నెలలు కావాలన్నాడు. వరదకు మూడు నెలలే ఉంది. 'ముప్పైమంది పట్టాలి, ఒక్క పలకా తగ్గకూడదు, ఆషాఢానికి సిద్ధం కావాలి' అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని 'అలాగేనండి' అన్నాడు. అన్నట్టే మూడు నెలలకు గట్టు మీద పడవ నిలబెట్టాడు.

నాకు సంతోషం కలగలేదు. మూడు నెలల పని ఎక్కడో ఎగ్గొట్టాడనిపించింది. పలకలు తట్టి చూశాను, సందుల్లో పుల్ల గుచ్చి చూశాను. తప్పు దొరకనికొద్దీ అనుమానం ముదిరింది. అతను భోజనానికి వెళ్ళిన వేళ, అడుగు పలక ఒకటి గునపంతో లేపాను. లోపల, నీరు చొరకుండా గుగ్గిలంలో తడిపిన పత్తి గట్టిగా కూరి ఉంది. గబగబా పలక నొక్కి, మేకులు రాతితో కొట్టేసి ఇంటికి పోయాను.

వరదొచ్చింది. ఇరవయ్యారుమందితో పడవ ఏటి నడిమధ్యకు చేరేసరికి ఆ పలక దగ్గరే నీళ్ళు పొంగాయి. పడవలోనే ఉన్న బంగారయ్య తలపాగా విప్పి సందులో కూరి, దానిమీద అలాగే కూర్చుండిపోయాడు. ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు తోడారు. ఎలాగో అందరూ గట్టెక్కారు. ఎక్కినవాళ్ళు ఊరుకుంటారా? 'తొందర పని ఇంతే' అన్నారు. అతను నా దగ్గరకొచ్చి చేతులు జోడించి, 'ఎక్కడో చెయ్యి తప్పినట్టుందండి, క్షమించండి' అన్నాడు. నేను 'పోనీలే' అన్నాను. మళ్ళీ అతను చెక్క చెక్కే బాడిస పట్టలేదు.

పచ్చి కలప ఆరడానికే మూడు నెలలు పడుతుందట. పాత ఇళ్ళు విప్పిన చోటల్లా తిరిగి, ఏనాడో ఎండిన టేకు ఏరి తెచ్చుకున్నాడట. ఆ మాట తరువాత అతని భార్య చెప్పింది."

కామేశం తల వంచుకునే అడిగాడు. "మరి మీరు అతనికి నిజం చెప్పారా స్వామీ?"

"చెప్పాను నాయనా. మూడు నెలల్లో అతను పడవ కట్టాడంటే నేను నమ్మలేదు. 'పలక లేపింది నేనే' అన్న ఒక్క మాట చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది."