తెల్లచెవి తాగిన నీళ్ళు

నల్లమట్టికోన అడవిలో దుప్పులు, కొండముచ్చులు, నెమళ్ళు కలిసిమెలిసి ఉండేవి. ఎండాకాలం వచ్చిందంటే వాగులన్నీ ఎండిపోయి, నేరేడు చెట్టు కింది మడుగు ఒక్కటే మిగిలేది.

ఆ చెట్టు మీద మసిమూతి అనే కొండముచ్చు ఉండేది. చిరుత కనబడితే పైనుంచి అరిచి చెప్పేది. తాతల నాడు మంచికే మొదలైన పని అది. పోనుపోను దుప్పులు తమంతట తాము చూడడమే మానేశాయి. మసిమూతి "ఊఁ, రండి" అంటేనే మడుగులో మూతి పెట్టేవి. మన తలలు గడ్డిలోకి వంచుకోడానికే ఉన్నాయి, చూడడం పైవాళ్ళ పని అని తల్లులు పిల్లలకు పాలతోపాటే నేర్పేవి.

మసిమూతికి అది తలకెక్కింది. కడుపునిండా నేరేడుపళ్ళు తిని, కొమ్మ మీద కునుకు తీసేది. అది లేచేదాకా దుప్పులన్నీ మండుటెండలో నాలుకలు బయటపెట్టుకుని నిలబడేవి.

ఒక మధ్యాహ్నం తెల్లచెవి అనే తల్లి దుప్పి కళ్ళముందే దాని పిల్ల దాహానికి కాళ్ళు మడిచి కూలబడిపోయింది. తెల్లచెవి చెట్టు కిందికి పోయి మెల్లగా పిలిచింది.

"మసిమూతి మామా, ఒక్కసారి చూసి చెప్పు. నా బిడ్డ పడిపోయింది."

మసిమూతి ఒక కన్ను తెరిచింది. "నా నిద్ర అయ్యాక చెప్తా. అంత తొందరైతే నువ్వే పో. చిరుత నోట్లో ఎన్ని పళ్ళున్నాయో చూసొచ్చి నాకూ చెప్పు." కొమ్మల్లోని కోతిమూకంతా ఇకిలించింది.

మందలోని పెద్దవ్వ తెల్లచెవిని వెనక్కి రమ్మంది. దుప్పి దుప్పిలా ఉండాలని, పైవాళ్ళతో పంతం మనకెందుకని నచ్చజెప్పబోయింది.

తెల్లచెవి పిల్ల వంక చూసింది. దాని ముక్కు ఎండిపోయి బీటలు వారింది.

"చూడకపోతే దాహంతో చస్తుంది. చూస్తే బతకొచ్చు. నేను చూస్తానవ్వా" అంది తెల్లచెవి.

అన్నదే గానీ దానికి కాళ్ళు వణికాయి. ఎలా చూడాలో ఎవరు నేర్పారు గనక? నాలుకతో ముక్కు తడి చేసుకుని గాలికి ఎదురుగా ఎత్తింది. మొదట ఏమీ తెలియలేదు. ఇంకొంచెం ఓపిక పట్టింది. బురద వాసన వచ్చింది. కుళ్ళిన నేరేడుపళ్ళ వాసన వచ్చింది. మాంసం తినేదాని వాసన మాత్రం లేదు. ఒక అడుగు వేసింది. మళ్ళీ వాసన చూసింది. ఇంకో అడుగు వేసింది. వణుకు తగ్గింది. పిల్లను మూతితో లేపి, నెట్టుకుంటూ మడుగు దగ్గరికి తెచ్చింది. తల్లీ పిల్లా కడుపారా తాగాయి.

"గుడ్డి అదృష్టం" అంది మసిమూతి. మందలో చాలామందీ అదే అనుకున్నారు. తెల్లచెవి మాత్రం మర్నాడూ అలాగే ముక్కెత్తింది, అలాగే తాగింది. కుర్ర దుప్పులు ఒకటొకటిగా దాని పక్కకి చేరాయి.

తన మాట కోసం ఎదురుచూసేవాళ్ళు తగ్గేసరికి మసిమూతికి ఒళ్ళు మండింది.

ఒకరోజు తెల్లచెవి మడుగు దాకా వచ్చి టక్కున ఆగింది. ఒడ్డునున్న తుంగగడ్డిలోంచి ఘాటైన వాసన. ముందుకాలితో నేలను దబదబా తన్నింది. మంద మొత్తం వెనక్కి తగ్గింది.

"అయిపోయిందా ధైర్యం?" అని మసిమూతి నవ్వుతూ కిందికి దిగింది. దుప్పులకు చూపించాలని బోర విరుచుకుని నీళ్ళ వైపు నడిచింది.

"మామా, తుంగలో చిరుత ఉంది. ఆగు" అంది తెల్లచెవి.

"పైనుంచి నాకు కనబడనిది కింద నీకు కనబడిందా? గడ్డి మేసేదానివి, నాకు చెప్పేదానివయ్యావా?"

ఆ మాట పూర్తికాలేదు. తుంగ చీల్చుకుని చిరుత దూకింది. మసిమూతి చావు తప్పించుకుని చెట్టెక్కింది గానీ, పొడుగాటి తోక సగం చిరుత పంజాలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత అది పై కొమ్మకు పోలేకపోయింది. సగం తోకతో ఒంటి తూకం నిలవదు కదా. కింది కొమ్మ మీదే ముడుచుకుని కూర్చుని, ఒకనాడు నెమ్మదిగా అడిగింది.

"ఇక నేను చూసి చెప్పక్కర్లేదా?"

"కనబడితే చెప్పు మామా, వింటాం. వాసన వస్తే మేం చెప్తాం, నువ్వూ విను. నీళ్ళు తాగడానికి మాత్రం ఇక ఎవరి సెలవూ అడగం" అంది తెల్లచెవి.

అని ముక్కు తడి చేసుకుని, తల ఎత్తుకునే మడుగు వైపు నడిచింది. దాని వెనకాల పెద్దవ్వ కూడా, ముసలి ముక్కు గాలిలోకి ఎత్తి చూసుకుంటూ నడిచింది.

నీతి: నీవల్ల కాదని పదిమంది అన్నా, చేసి చూడకుండా ఒప్పుకోవద్దు. ధైర్యం వచ్చాక అడుగు వేద్దామంటే ఎన్నటికీ రాదు, అడుగు వేస్తేనే వస్తుంది.