పులిరాజు వేయించిన దండోరా

అనగనగా పిల్లలూ, కొండ మీద ఒక వెదురు అడవి. దానికి రాజు పులి, మంత్రి తొండ. రాజుగారు ఏమన్నా తల ఊపడమే ఆ తొండ ఉద్యోగం.

అక్కడే సూదయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. సాయంత్రమైతే వాగు ఒడ్డున కూర్చుని కథలు అల్లేవాడు. ఒకసారి, ముక్కు మీద మిడత వాలితే హడలిపోయి చెట్టెక్కిన రాజు కథ చెప్పాడు. ఏ అడవి రాజో చెప్పలేదు. అయినా కుందేళ్ళు పొట్టలు పట్టుకుని దొర్లాయి.

పులిరాజుకు ఒళ్ళు మండింది. ఆ కథ ఎవరూ చెప్పకూడదన్నాడు. తొండ తల ఊపింది.

అయితే ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. దేన్ని నిషేధించారో వడ్రంగిపిట్ట అడవంతా దండోరా వేయాలి. లేకపోతే ఆజ్ఞ చెల్లదు. పిట్ట వెదురు మీద టకటకా కొట్టి, మిడతకు జడిసి చెట్టెక్కిన రాజు కథ ఎవరూ చెప్పరాదని చాటింది. అంతవరకు ఆ కథ వినని కొండ అవతలి కోతులకు కూడా ఇట్టే తెలిసిపోయింది.

తర్వాత సూదయ్య, నెరిసిన మీసాలకు నేరేడు రసం పూసుకునే రాజు కథ చెప్పాడు. మళ్ళీ దండోరా. ఈసారి వాగులో చేపలు కూడా తలలెత్తి రాజుగారి మీసాలు చూశాయి.

పులిరాజు సూదయ్యను సభకు పిలిపించాడు. తనను పొగిడే కథలు చెబితే రోజూ తియ్యటి దుంపలు పెడతానన్నాడు. కాదంటే వాగు దాటించి తరిమేస్తానన్నాడు. సూదయ్య ఎదురుగా పోసి ఉన్న దుంపల వంక చూసి గుటకలు మింగాడు. పాపం, అవంటే వాడికి ప్రాణం. పుట్టి పెరిగిన చోటు వదలాలంటే దిగులు కూడా వేసింది.

"అలాంటి కథ చెబితే, మహారాజా, ముందు నాకే నిద్రొస్తుంది" అన్నాడు చివరికి.

"అయితే తరిమేయండి. వీడి కథలన్నీ నిషేధం" అని గర్జించాడు పులిరాజు.

ఏయే కథలో విడివిడిగా చెబితే తప్ప దండోరా వేయలేనంది వడ్రంగిపిట్ట. కోపంలో ఉన్న రాజు గడగడా చెప్పుకుపోయాడు. "మిడత కథ. మీసాల కథ. ఉరుమితే తోక నోట్లో పెట్టుకుని ఏడ్చే రాజు కథ."

సూదయ్య తెల్లబోయాడు. "ఆ మూడోది నేను చెప్పలేదే, మహారాజా."

అందరూ తొండ వైపు చూశారు. అది అలవాటు కొద్దీ అవునవునని తల ఊపింది.

ఇక చూడాలి ఆ నవ్వులు! సూదయ్యను వాగు దాటించడం మాత్రం తప్పలేదు. కానీ ఆనవాయితీ ఆనవాయితీయే కదా, పిట్ట మూడు కథలూ అడవంతా చాటింది. అవతలి ఒడ్డున సూదయ్య దుంపలు తవ్వుకుంటూ విన్నాడు. ఆ సాయంత్రమే ఆకాశం ఉరిమింది. రెండు ఒడ్డుల మీదా అందరూ రాజుగారి గుహ వైపు చెవులు రిక్కించారు.

నీతి: పదిమంది నవ్వును ఆపబోయేవాడు తన గుట్టు తానే బయటపెట్టుకుంటాడు.