మూడు ఎండుమిరపకాయలు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ కత్తిసాము మీద మోజు, చిన్నవాడు సుముఖుడికి తిండి మీద మోజు. కారం లేనిదే వాడికి ముద్ద దిగేది కాదు.

ఆ రాజ్యానికి ఏటా ఉత్తరదేశం నుంచి తేనె, కంబళ్ళు పడవల మీద వచ్చేవి. ఒక ఏడు రాలేదు. ఏమైందో చూసి రమ్మని రాజు పెద్దకొడుకును పంపితే తిరిగి రాలేదు. రెండోవాణ్ణి పంపితే వాడూ రాలేదు. "అన్నల్ని నేను తీసుకొస్తాను" అని సుముఖుడు బయల్దేరాడు. తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఎండుమిరపకాయల మూట కట్టి ఇచ్చింది.

ఏడు కొండలు ఎక్కి దిగాడు, ఏడు నదులు దాటాడు. ఏడో నదిలో మూట కాస్తా జారిపోయి మూడంటే మూడు కాయలు మిగిలాయి. వాటిని రొండిన దోపుకుని, చప్పిడి తిండి తింటూ, ఎట్టకేలకు ఉత్తరదేశపు రేవుపట్నం శ్వేతఘట్టం చేరాడు.

అది ఏ కాలంనాటి పట్నమో. నల్లబడిన చెక్కమేడలు, ఏనుగులు దిగేంత వెడల్పాటి రేవుమెట్లు, వాటి కింద గడ్డకట్టిన నది. మెట్ల మీద వర్తకులందరూ మంచుబొమ్మలై నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య, ఎత్తిన కత్తులు ఎత్తినట్టే, తన అన్నలిద్దరూ. సుముఖుడికి దుఃఖం ఆగలేదు. ఆ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.

పట్నం పెద్దగారి కూతురు తరంగిణి వచ్చి లేవదీసింది. పడవలవాళ్ళ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాడు కనుక ఆమె భాష వాడికి తెలిసింది.

"ఇదంతా నది అవతలి కోటలో ఉండే మాంత్రికుడు హిమదంష్ట్రుడి పని" అంది. "పరదేశి వస్తే చాలు, పొద్దుగూకే వేళకు వచ్చి బొమ్మను చేసి పోతాడు. వసంతం లోపల నది కరగకపోతే వీళ్ళు ఇక లేవరు. మీరైనా వెళ్ళిపోండి."

"వెళ్ళను. కానీ ఆకలేస్తోంది" అన్నాడు సుముఖుడు.

తరంగిణి నవ్వాపుకుని, సత్రంలో వేడివేడి చేపల చారు పెట్టింది. సత్రం గుమ్మంలో ఒక పంజరం, అందులో పచ్చటి చిలక. అది అరిచినప్పుడల్లా జనం గంట కొట్టి దణ్ణం పెట్టుకుంటున్నారు.

"మాంత్రికుడు ఇచ్చిన దేవతాపక్షి. మంత్రాలు చదువుతుంది. ఊరంతా కాపలా కాస్తాం" అంది తరంగిణి.

సుముఖుడు చెవి ఒగ్గి విన్నాడు. మంత్రాలా, పాడా. అచ్చంగా తన ఊరి మాటలు. "ఓరి మొద్దుల్లారా, వాడి ప్రాణం నాలో ఉందిరా. చలికి చస్తున్నాను, నన్ను ఇంటికి తీసుకెళ్ళండిరా." నెలల తరబడి అదే కేక. ఆ మాట తెలిసిన వర్తకులను మాంత్రికుడు ముందే బొమ్మలు చేశాడు. అన్నలకేమో కత్తి దూసే తొందరలో వినే తీరిక లేకపోయింది.

"చిలకమ్మా, నీ మెడ నులిమితే వాడు చస్తాడా?"

"చస్తాడు. నేనూ చస్తాను" అంది చిలక. "ఇన్నాళ్ళకు మన మాట విన్నాను నాయనా, అదే పదివేలు. అవి మిరపకాయలేనా? ఒక్కటి పెట్టి, తర్వాత చంపు."

సుముఖుడికి చెయ్యి రాలేదు. పొద్దు వాలుతోంది. ఏం చెయ్యాలో తోచక మొదటి కాయ పెట్టాడు. కోటలో మాంత్రికుడికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. కారం చిలకకు కమ్మన, దాని లోపలి ప్రాణానికి మంట. ఇవతలి ఒడ్డు దాకా ఎక్కిళ్ళు వినబడేసరికి సుముఖుడికి సంగతి తెలిసింది. రెండో కాయ పెట్టాడు. మాంత్రికుడు ముక్కూ కళ్ళూ కారుతూ, "నీళ్ళు, నీళ్ళు" అంటూ నది మీదికి పరుగెత్తుకొచ్చాడు. అంతా మంచు చేసి పెట్టాడు కదా, గుక్కెడు నీళ్ళు ఎక్కడివి?

మూడో కాయ మిగిలింది. అమ్మ ఇచ్చినవాటిలో అదే ఆఖరిది. సుముఖుడు ఒక్కసారి వాసన చూసుకుని చిలకకు ఇచ్చేశాడు.

హిమదంష్ట్రుడు ఇక తాళలేక తన మంత్రాన్ని తానే వెనక్కి చదివాడు. నది ఫెళఫెళా విరిగి పారింది. అతను అందులో బుడుంగున మునిగి, తాగుతూనే ఉన్నాడు. మెట్ల మీద బొమ్మలన్నీ తుమ్ముతూ కదిలాయి. అందరికంటే ముందు అన్నలిద్దరూ తమ్ముణ్ణి వాటేసుకున్నారు.

తర్వాత సుముఖుడు తరంగిణిని పెళ్ళాడాడు, రెండు దేశాలనూ చాలాకాలం చల్లగా ఏలాడు. చిలక మిరపతోటలో కాపురం పెట్టింది. మాంత్రికుడు బుద్ధిగా తోటమాలి అయ్యి, ఎప్పుడూ మజ్జిగకుండతో దాని వెనకే తిరిగేవాడు.

ఇంటికి చేరిన రోజున మాత్రం తల్లి ముగ్గురికీ పక్కపక్కనే విస్తళ్ళు వేసింది. "నేనిచ్చిన కాయలు సరిపోయాయా నాన్నా?" అని చిన్నవాణ్ణి అడిగింది.

సుముఖుడు అటూ ఇటూ కూర్చున్న అన్నల్ని చూశాడు. "చివరికి మిగిలిన మూడింట్లో ఒక్కటీ తినలేదమ్మా. సరిగ్గా సరిపోయాయి" అన్నాడు.