పొలుసమ్మ నేరేడు మఫిన్లు

అనగనగా ఒక అడవి ఉండేది. తొలకరి రోజుల్లో మబ్బులు కిందికి దిగి, ఆ అడవి కొమ్మల మీద కాసేపు కునుకు తీసి వెళ్ళిపోయేవి. నేరేడు పండ్లు రాలి దారంతా ఊదారంగు అయ్యేది. ఆ దారినే పిల్లలు బడికి వెళ్ళేవారు, పాదాలకు రంగు పూసుకున్నట్టు.

బడి ఏటి ఒడ్డున, ఒక వెడల్పాటి బండ మీద ఉండేది. పాఠాలు చెప్పేది కొంగ టీచరమ్మ. గంట కొట్టేది వడ్రంగిపిట్ట. ఎండిన మోడు మీద ముక్కుతో టకటకా కొడితే అదే గంట. పొద్దున్నే మూడు గంటలు కొట్టేది. మూడోది కొట్టేలోగా అందరూ బండ మీద ఉండాలి.

పిల్లలు ఇరవై మంది. అందరి చేతుల్లోనూ వెదురుబొంగు కోసి చేసిన లంచ్ డబ్బాలు. చీమలు దూరకుండా వాటికి బిగువైన మూతలు.

ఒక్క డబ్బాలో మాత్రం చీమలే ఉండేవి. అది గవ్వ డబ్బా.

గవ్వ అలుగు పిల్ల. అలుగు ఎలా ఉంటుందో తెలుసు కదా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. చీమలు దాని తిండి. భయమేసినా, సిగ్గేసినా బంతిలా చుట్టుకుపోతుంది. గవ్వ వాళ్ళమ్మ పేరు పొలుసమ్మ. ఆమె రోజూ పొద్దున్నే చెట్టెక్కి, తాజా ఎర్రచీమలు ఏరి, కూతురి డబ్బా నింపి పంపేది.

గవ్వ మూత తియ్యగానే పిల్లలు ముక్కులు మూసుకునేవారు. కొండముచ్చు పిల్ల జాజి అయితే ఒక పేరే పెట్టేసింది, చీమల డబ్బా అని. ఆ పేరు బడంతా పాకిపోయింది.

ఒకరోజు గవ్వ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మ తోక పట్టుకుని నిలబడింది.

"నేనింక బడికి వెళ్ళనమ్మా," అంది.

పొలుసమ్మకు గుండె కలుక్కుమంది. ఆమె చదువుకోలేదు. కూతురు సాయంత్రాలు ఇసుకలో అక్షరాలు రాస్తుంటే, చుక్కల్ని చూసినట్టు చూస్తూ కూర్చునేది. ఆ రాత ఆగిపోతుందంటే ఆమె తట్టుకోలేకపోయింది.

సరిగ్గా ఆ వారమే కొంగ టీచరమ్మ పెద్దలందరినీ బండ దగ్గరికి పిలిచింది. డబ్బాల గురించి పిల్లలు పోట్లాడుకుంటున్నారని, ఇకమీదట అందరికీ ఒకే చేతి తిండి పెట్టాలని చెప్పింది. పట్నం మీదుగా ఎగిరినప్పుడు ఆమె ఒక సంగతి చూసిందట. అక్కడి పిల్లల డబ్బాల్లో పిడికిట్లో పట్టేంత రొట్టెలున్నాయట. పైన గోపురంలా పొంగి, లోపల పండ్ల ముక్కలతో ముద్దొస్తున్నాయట. వాటిని మఫిన్లంటారట.

పున్నమి మర్నాడు పందెం. వండేవాళ్ళు ఒక్కొక్కరూ ఇరవై డబ్బాలు నింపి, మూడో గంటలోగా తేవాలి. మధ్యాహ్నం పిల్లలు తింటారు. ఎవరి డబ్బాలు ఖాళీ అయితే ఏడాదంతా వాళ్ళదే వంట.

జాజి వాళ్ళమ్మ, కొండముచ్చు సింగారి, ముందు లేచింది. ఆ అడవిలో వంటకు ఆమెదే పేరు. తర్వాత ఎలుగుబంటి భూషయ్య లేచాడు. అందరికన్నా వెనక, మెల్లగా, పొలుసమ్మ లేచింది.

సింగారి ఆమెను ఎగాదిగా చూసింది. "ఏం వదినా, చీమల్ని పొడికొట్టి పైన చల్లుతావా?"

అందరూ పకపకా నవ్వారు. పొలుసమ్మ అక్కడికక్కడే బంతిలా చుట్టుకుపోయింది. వెంట వచ్చిన గవ్వ ఆమె పొలుసుల మీద తట్టి పిలిచినా విప్పుకోలేదు. కానీ ఆ బంతి లోపలి నుంచే ఒక గొంతు వినబడింది.

"నా పేరు రాసుకోండి టీచరమ్మా."

నిప్పులు అందరికీ భూషయ్యే ఇచ్చాడు. మంచి మనసువాడు. పందెంలో తనకు పోటీ అని కూడా చూడకుండా కాల్చే పద్ధతి చెప్పాడు. పాత కుండలో ఇసుక పోసి వేడెక్కించాలి. దాని మీద పిండి దొప్పలు పెట్టి మూకుడు మూయాలి. కుండ కిందా నిప్పులుండాలి, మూకుడు పైనా నిప్పులుండాలి.

పొలుసమ్మ జొన్నపిండి కలిపి పులియబెట్టింది. మగ్గిన అరటిపండ్లు మెదిపి వేసింది. తేనె పోసింది. గింజ తీసిన నేరేడు ముక్కలు కలిపింది. మోదుగాకులతో చిన్న చిన్న దొప్పలు కుట్టింది.

మొదటి రోజు దొప్పల్ని అంచుదాకా నింపింది. పిండి పొంగి, పొర్లి, ఇసుకలో పడి మాడింది. దొప్పలో ఉబ్బడానికి చోటుంచాలని తెలిసింది.

రెండో రోజు సగం సగం నింపింది. కానీ మనసు ఆగలేదు. పొంగిందా లేదా అని మాటిమాటికీ మూకుడు ఎత్తి చూసింది. మఫిన్లు నడుమ కుంగిపోయి గుంటలు పడ్డాయి. కాలేదాకా మూకుడు ముట్టుకోకూడదని తెలిసింది.

మూడో రోజు ముచ్చటగా పొంగాయి. ఆ వాసనకు గవ్వ అమ్మ వీపెక్కి కూర్చుంది. ఇంకొకరైతే అక్కడే సంబరపడి ఆగిపోయేవారు. పొలుసమ్మ ఒకటి గవ్వకిచ్చి, ఇంకొకటి తీసి వేడిగానే వెదురు డబ్బాలో పెట్టి బిగువుగా మూత పెట్టింది. మధ్యాహ్నం దాకా దాని జోలికి వెళ్ళలేదు. కూతురు బడిలో తినే వేళకే తనూ తిని చూద్దామనుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చాక మూత తీసింది. మఫిన్ నానిన చింతపండులా ఉంది. లోపలి ఆవిరికి దారి లేదు మరి. అది మూతకు పట్టి, నీళ్ళయి, చుక్కచుక్కగా మఫిన్ మీదే కురిసింది. పొలుసమ్మ ఆ మూతను అటూ ఇటూ తిప్పి, తడి వేలు చాలాసేపు చూసుకుంది.

పందెం పొద్దు రానే వచ్చింది. చెట్ల సందుల్లో వెలుతురు తేనెలా కారుతోంది. మూడు పొయ్యిల వాసనలు కలిసి అడవంతా తిరుగుతున్నాయి.

వడ్రంగిపిట్ట మొదటి గంట కొట్టింది. సింగారి మఫిన్లు పొయ్యి మీద నుంచి నేరుగా డబ్బాల్లోకి వెళ్ళాయి. పైన పనస తొనలు పువ్వుల్లా అమర్చింది. పొగలు కక్కుతున్న డబ్బాలు పట్టుకుని ఆమె వెళ్తుంటే దారిలో అందరూ ముక్కులు ఎగబీల్చి మెచ్చుకున్నారు.

రెండో గంట కొట్టింది. భూషయ్య తన మఫిన్లను తేనెలో ముంచి తీశాడు. కారుతున్నవాటిని కారుతున్నట్టే డబ్బాల్లో వేసి పరుగెత్తాడు.

పొలుసమ్మ మఫిన్లు అప్పటికీ చేట మీదే ఉన్నాయి. ఆమె టేకాకుతో విసురుతూ కూర్చుంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నాయి. సింగారి డబ్బాలు అప్పగించి వెనక్కి వస్తూ అటు తొంగిచూసింది. వండటం అయ్యాక జోలపాడుతున్నావా వదినా అని అడిగింది. వెనకున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

పొలుసమ్మ వీపు వంగింది. పొలుసులు బిగుసుకున్నాయి. ఇంకొక్క క్షణమైతే చుట్టుకుపోయేదే. కానీ తను చుట్టుకుపోతే విసిరేదెవరు? ఆమె నడుము నిటారుగా చేసుకుని మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

గవ్వకు ఏడుపొచ్చేసింది. "డబ్బాల్లో పెట్టెయ్యమ్మా. ఆలస్యమైతే మనల్ని రానివ్వరు."

"నువ్వు తినేది ఇప్పుడు కాదు కదమ్మా," అంది పొలుసమ్మ. "మధ్యాహ్నం కదా."

ఆఖరి మఫిన్ కూడా చల్లారింది. అప్పుడు పెట్టింది డబ్బాల్లో. ఇరవై డబ్బాలూ తాడుకు గుచ్చి మెడలో దండలా వేసుకుంది. గవ్వ ఎగిరి అమ్మ తోక మీద కూర్చుంది. పొలుసమ్మ వెనకకాళ్ళ మీద లేచి, బుడిబుడి అడుగులతో నేరేడు దారిలో నడిచింది. ఆగలేదు. పక్కలకు చూడలేదు. వడ్రంగిపిట్ట మూడో గంటకు ముక్కు ఎత్తింది. ఆ ముక్కు మోడును తాకేలోపు ఆమె పాదం బండను తాకింది.

మధ్యాహ్నమైంది. పిల్లలు వరుసగా కూర్చున్నారు. పెద్దలు చెట్ల కింద నిలబడ్డారు.

ముందు సింగారి డబ్బాలు. మూతలు తియ్యగానే నీళ్ళు కారాయి. పనస పువ్వులు ముద్దలో మునిగిపోయాయి. కుందేలు పిల్ల లోపలికి చూసి, టీచరమ్మ వైపు చూసింది.

"ఇది తినాలా టీచర్, తాగాలా?"

తర్వాత భూషయ్య డబ్బాలు. తేనె అంతా అడుక్కి చేరి మఫిన్లను పట్టేసుకుంది. లాగితే పై సగమే ఊడొచ్చింది. ఉడుత పిల్ల చెయ్యి డబ్బాలో అతుక్కుపోతే, భూషయ్యే వచ్చి కడుపు పట్టుకుని నవ్వుతూ విడిపించాడు.

చివరికి పొలుసమ్మ డబ్బాలు. గవ్వ కళ్ళు మూసుకుంది. వంచితే చాలు, మఫిన్ చేతిలోకి గువ్వలా వచ్చి వాలింది. పైన గోపురం పొంగినట్టే ఉంది. కొరికితే లోపల ఊదారంగు నేరేడు. పిల్లలు తలెత్తకుండా తిన్నారు.

అందరికన్నా ముందు జాజి లేచింది. నోటి చుట్టూ ఊదారంగు. తన ఖాళీ డబ్బా బోర్లించి చూపించి, ఇంకొకటి ఉందా అని అడిగింది. ఆ తర్వాత మిగతా పంతొమ్మిది డబ్బాలూ బోర్లా పడ్డాయి. కొంగ టీచరమ్మ రెక్కలు రెండూ పైకెత్తి, ఏడాదంతా వంట పొలుసమ్మదే అంది. అడవి అదిరేలా కేకలు వేశారు పిల్లలు. ఆ రోజు పొలుసమ్మ అందరి ముందూ నిలబడే ఉంది. ఒక్క పొలుసు కూడా ముడుచుకోలేదు.

సాయంత్రం సింగారి ఆమె పక్కకు వచ్చి, ఏం వేశావు వదినా అని మెల్లగా అడిగింది. దాపరికం లేకుండా చెప్పింది పొలుసమ్మ. అందరూ వేసినవే వేశానని, చల్లారేదాకా ఆగానని.

మర్నాడు జాజి వచ్చి గవ్వ పక్కనే కూర్చుంది. గవ్వ చిరుతిండికి తెచ్చుకున్న ఎర్రచీమ ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు చికిలించి, పుల్లగా బాగుందే అంది. చీమల డబ్బా అన్న పేరు ఆ రోజుతో పోయింది.

ఇప్పుడు ఆ అడవిలో వడ్రంగిపిట్ట నాలుగు గంటలు కొడుతుంది. అన్నిటికన్నా ముందు కొట్టేది చల్లార్చే గంట. రోజూ సాయంత్రం ఇరవై ఖాళీ డబ్బాలు పొలుసమ్మ మెడలో గలగలలాడతాయి. ఆమె తోక మీద కూర్చున్న గవ్వ, ఆ చప్పుడుకు తాళం వేస్తూ, ఆ రోజు పాఠం అమ్మకు వినిపిస్తూ ఇంటికి వస్తుంది.

నీతి: చేసిన గడియలో మెప్పు పొందడం కాదు, అందుకునేవారి చేతికి చేరే వేళకు బాగుండేలా చేసిందే మంచి పని.